మైనస్ ఒకటి అనే అబద్ధం

పోస్ట్ పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చివరిదాకా చదవండి, ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు తను రాసిన కెర్నల్ మాడ్యూల్ లోడ్ అవ్వట్లేదని స్క్రీన్‌షాట్ పెట్టాడు. దాని కింద ఒక అన్న సలహా ఇచ్చాడు: "ఇనిట్ ఫంక్షన్‌లో ఏది ఫెయిలైనా మైనస్ 1 రిటర్న్ చేసెయ్. ఏ నెంబరైతే ఏంటి, ఫెయిల్ అంటే ఫెయిలే. ఇంటర్వ్యూలో ఇవేమీ అడగరు." దానికి లైకులు బాగానే పడ్డాయి. ఆ అన్నంటే నాకు గౌరవం ఉంది. మనలో చాలామందికి లైనక్స్ ఎక్కించుకోవడం నేర్పింది ఆయనే. కానీ ఈ సలహా తప్పు. పైగా మనలాంటివాళ్ళకే ఎక్కువ దెబ్బ కొట్టే తప్పు. అందుకే ఇంత రాస్తున్నా.

నేను చెప్పేది ఒక్కటే. ఎర్రర్ కోడ్ అనేది ఎదుటి మనిషికి మనం ఇచ్చే జవాబు. ఆ జవాబు చూసే అతను తర్వాత ఏం చెయ్యాలో తేల్చుకుంటాడు. తప్పు కోడ్ ఇస్తే తప్పు దారిలో పంపినట్టు. ఇంట్లో ఇంజినీరు అన్నయ్యో, ఫోన్ చేస్తే ఎత్తే సీనియరో ఉన్నవాళ్ళు ఆ దారిలో రెండడుగులు వేసి వెనక్కి తిరుగుతారు. ఇంట్లోంచి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషికి అడగడానికి ఎవరున్నారు? స్క్రీన్ మీద పడ్డ ఆ ఒక్క వాక్యమే దిక్కు. ఆ వాక్యం అబద్ధమైతే రాత్రంతా దాని వెనకే పడతాం. తెల్లారేసరికి "ఇది మనకి వచ్చే చదువు కాదు" అనుకుంటాం.

*ముందు సంగతి ఏంటో*

కంప్యూటర్ సైన్సు కానివాళ్ళ కోసం కొంచెం చెప్తా. లైనక్స్‌లో అసలు యంత్రాన్ని నడిపే భాగాన్ని కెర్నల్ అంటారు. అది నడుస్తుండగానే దానికి కొత్త ముక్క తగిలించొచ్చు. కొత్త వైఫై డ్రైవరో, సెన్సార్ డ్రైవరో. ఆ ముక్కే మాడ్యూల్. ఇన్స్‌మాడ్ లేదా మాడ్‌ప్రోబ్ అనే కమాండ్‌తో లోడ్ చేస్తాం.

అప్పుడు కెర్నల్ కొన్ని చూస్తుంది. ఇది సరైన ఫైలేనా? ఈ కెర్నల్ వెర్షన్‌కి కట్టిందేనా? సంతకం ఉందా? ఇది అడిగే ఫంక్షన్లు నా దగ్గర ఉన్నాయా? ఇచ్చిన పారామీటర్లు సరైనవేనా? అన్నీ కుదిరాక మాడ్యూల్‌లో మనం రాసిన ఇనిట్ ఫంక్షన్‌ని పిలుస్తుంది. అది 0 ఇస్తే లోడైనట్టు. మైనస్ నెంబరు ఇస్తే కెర్నల్ ఆ మాడ్యూల్‌ని తీసేసి, ఆ నెంబరుని ఇన్స్‌మాడ్ చేతిలో పెడుతుంది. ఇన్స్‌మాడ్ దాన్ని ఒక ఇంగ్లీషు వాక్యంగా మార్చి చూపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోండి. ఆ నెంబరు రెండు చోట్ల నుంచి రావచ్చు. కెర్నల్ లోడర్ తన పరీక్షల్లో ఇచ్చిందై ఉండొచ్చు, లేదా మన ఇనిట్ ఫంక్షన్ ఇచ్చిందై ఉండొచ్చు. చూసేవాళ్ళకి కనిపించేది ఒకే వాక్యం. ఎవరు అన్నారో ఆ వాక్యంలో ఉండదు. అందుకే మనం ఏ నెంబరు పంపుతున్నామో ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఎంచుకోవాలి.

*మైనస్ 1 ఏం చెప్తుంది*

సీ ల్యాబ్‌లో మనకి అలవాటైంది ఏంటంటే, మామూలు ప్రోగ్రాముల్లో మైనస్ 1 అంటే "ఏదో ఫెయిలైంది" అని. కారణం వేరే చోట, ఎర్నో అనే పెట్టెలో ఉంటుంది. కెర్నల్ లోపల ఆ రెండో పెట్టె లేదు. రిటర్న్ చేసిన నెంబరే కారణం.

ఆ లెక్కలో 1 కి ఒక పేరుంది, ఈపెర్మ్. స్క్రీన్ మీద "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అని పడుతుంది. అంటే ఈ పని చెయ్యడానికి నీకు అనుమతి లేదు అని. మాడ్యూల్ లోడింగ్ మాన్యువల్ ప్రకారం ఇది రావాల్సింది లోడ్ చేసేవాళ్ళకి తగిన అధికారం లేనప్పుడు, లేదా ఆ యంత్రంలో మాడ్యూళ్ళ లోడింగే ఆపేసి ఉన్నప్పుడు.

ఇప్పుడు ఆ అన్న చెప్పినట్టు రాశామనుకోండి. అసలు కారణం యూఎస్‌బీ పరికరం గుచ్చకపోవడం. కోడ్ మైనస్ 1 ఇచ్చింది. స్క్రీన్ "నీకు అనుమతి లేదు" అంది. లోడ్ చేసిన మనిషి ఏం చేస్తాడు? సుడో పెట్టానా లేదా అని చూస్తాడు. పెట్టే ఉన్నాడు. ఫైలు పర్మిషన్లు మారుస్తాడు. బయాస్‌లోకి వెళ్ళి సెక్యూర్ బూట్ తీసేస్తాడు. చివరికి లైనక్స్ మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కిస్తాడు. ఇవన్నీ ఊహించి రాయట్లేదు. మా హాస్టల్లో ఒక జూనియర్ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద ఈ వరసలోనే రెండు రాత్రులు పోగొట్టుకున్నాడు. అతనికి చేతికిచ్చిన నమూనా కోడ్‌లో ప్రతి ఫెయిల్యూర్‌కీ మైనస్ 1 ఉంది. ఆ కోడ్ రాసినవాళ్ళు 19 రాసుంటే "నో సచ్ డివైస్" అని పడేది. పరికరం లేదు అని. కేబుల్ చూసుకుంటే అయిపోయేది.

"నీకు అనుమతి లేదు" అనే మాట మనవాళ్ళు ఆఫీసుల దగ్గర, గేట్ల దగ్గర ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు. అందుకే కంప్యూటర్ కూడా అదే అంటే మనం ఎదురు అడగం, నిజమే అనుకుంటాం. అనుమతి సమస్య లేని చోట ఆ మాట వాడడం నాకు అందుకే మండుతుంది.

*ప్రతి నెంబరూ ఒక పని చెప్తుంది*

కోడ్ ఎంచుకునేటప్పుడు "ఏం పాడైంది" అని ఒక్కటే అడిగితే చాలదు. "ఇది చూసిన మనిషి తర్వాత ఏం చెయ్యాలి" అని అడగండి. అప్పుడు నెంబర్లు వాటంతట అవే విడిపోతాయి.

5, ఈఐఓ: పరికరం ఉంది కానీ మాట కుదరట్లేదు. వైరింగ్, హార్డ్‌వేర్ చూడు.
8, ఈనోఎగ్జెక్: ఈ ఫైలు ఈ కెర్నల్‌కి సరిపడదు. సరైన హెడర్లతో మళ్ళీ బిల్డ్ చెయ్యి.
12, ఈనోమెమ్: మెమరీ దొరకలేదు. కొంత ఖాళీ చెయ్యి.
16, ఈబిజీ: నువ్వడిగింది ఇంకొకరి చేతిలో ఉంది. ఎవరో చూసి విడిపించు.
19, ఈనోడెవ్: పరికరమే లేదు. గుచ్చావా, మోడల్ అదేనా చూసుకో.
22, ఈఇన్వాల్: నువ్విచ్చిన విలువ తప్పు. దాన్ని సరిచెయ్యి.

ఆరు నెంబర్లు, ఆరు వేరువేరు పనులు. వీటన్నిటినీ మైనస్ 1 లో కలిపేస్తే ఆరుగురికీ ఏడో పని చెప్పినట్టు. ఆ ఏడోది వాళ్ళలో ఎవరికీ అవసరం లేనిది.

కొంతమంది మైనస్ 1 మానేసి అన్నిటికీ 22 పెడతారు, అదేదో మర్యాదైన కోడ్ అన్నట్టు. అది కూడా అంతే. 22 అంటే తప్పు నీ ఇన్‌పుట్‌లో ఉంది అని అర్థం. చిప్ పాడైతే 22 ఇవ్వడం అంటే యంత్రం తప్పుని మనిషి మీదికి తోసెయ్యడం.

*ఒకే నెంబరు, చోటుని బట్టి వేరే మాట*

ఇంకో చిక్కుంది, ఇది చాలా పుస్తకాల్లో రాయరు. ఇన్స్‌మాడ్ కొన్ని నెంబర్లకి మామూలు అర్థం చెప్పదు. 2, అంటే ఈనోఎంట్, మామూలుగా "అలాంటి ఫైలు లేదు". ఇన్స్‌మాడ్ మాత్రం దాన్ని "అన్‌నోన్ సింబల్ ఇన్ మాడ్యూల్" అని చూపిస్తుంది. 3 మామూలుగా "అలాంటి ప్రాసెస్ లేదు", ఇన్స్‌మాడ్‌లో సింబల్ వెర్షన్ తప్పు. 22 ని "ఇన్‌వాలిడ్ పారామీటర్స్" అంటుంది. ఎందుకంటే కెర్నల్ లోడర్ ఆ నెంబర్లు ఇచ్చేది ఆ సందర్భాల్లోనే అని దాని నమ్మకం.

మన ఇనిట్ ఏదో ఫైలు కోసం వెతికి, దొరక్క, 2 రిటర్న్ చేసిందనుకోండి. మన లెక్కలో అది నిజమే. చూసేవాళ్ళకి మాత్రం "తెలియని సింబల్" అని పడుతుంది. ఇక వాళ్ళు ఏ ఫంక్షన్ ఎక్స్‌పోర్ట్ అవ్వలేదా అని వెతుకుతూ కూర్చుంటారు. కాబట్టి నెంబరు డిక్షనరీ అర్థం తెలిస్తే చాలదు. అవతల దాన్ని చదివే ప్రోగ్రాం ఎలా అర్థం చేసుకుంటుందో కూడా తెలియాలి. మనం మాట్లాడేది వినేవాళ్ళకి ఎలా చేరుతుందో చూసుకోవడం లాంటిదే ఇది. కోయలో చెప్పింది తెలుగులో వేరేగా వినబడే మాటలు మనలో చాలామందికి తెలుసు కదా.

*అన్నిటికన్నా చెడ్డది 17*

17, ఈఎగ్జిస్ట్. "అది ముందే ఉంది" అని అర్థం. మాడ్యూల్ లోడింగ్‌లో దీనికి ఒకే అర్థం, ఈ పేరుతో మాడ్యూల్ ఇప్పటికే లోడై ఉంది.

మన ఇనిట్‌లో ఒక పేరు రిజిస్టర్ చేస్తున్నాం. ఆ పేరు వేరే మాడ్యూల్ ముందే తీసేసుకుంది. కింద ఫంక్షన్ 17 ఇచ్చింది. మనం అదే పైకి పంపాం. మాడ్‌ప్రోబ్ ఆ 17 చూసి ఏమనుకుంటుంది? "ఓహో, ఈ మాడ్యూల్ ముందే లోడై ఉందన్నమాట, ఇక నా పని లేదు" అనుకుని, ఒక్క ముక్క కూడా చూపించకుండా, సక్సెస్ అని చెప్పి వెళ్ళిపోతుంది. ఎల్ఎస్‌మాడ్ కొట్టి చూస్తే మాడ్యూల్ లేదు. పరికరం పనిచెయ్యదు. ఎర్రర్ కూడా లేదు. బూట్ అయ్యేటప్పుడు నడిచే స్క్రిప్టు అంతా బాగుందనుకుని ముందుకి పోతుంది.

ఫెయిలైన పనిని అయిపోయినట్టు రాయడం అంటే ఇదే. పని జరగని చోట రికార్డులో "పూర్తి" అని ఉంటే ఎంత నష్టమో ఏజెన్సీలో ఎవర్నడిగినా చెప్తారు. జరగలేదని ఉంటే కనీసం వెళ్ళి అడగొచ్చు.

సరైన పని ఏంటంటే, ఇనిట్ నుంచి బయటికి 17 వెళ్ళనివ్వకూడదు. ఆ పేరు వేరేవాళ్ళ దగ్గరుంది కాబట్టి 16, ఈబిజీ ఇవ్వాలి. ఏ పేరు దగ్గర ఆగిందో ఒక లైను కెర్నల్ లాగ్‌లో రాయాలి.

*మౌనం, వాయిదా*

పరికరం దొరికాక డ్రైవర్‌లో ప్రోబ్ అనే ఫంక్షన్ నడుస్తుంది. అక్కడ కోడ్‌ని మనిషి కన్నా ముందు కెర్నల్ చదువుతుంది. ప్రోబ్ 19 ఇచ్చినా, 6 ఇచ్చినా, "ఈ పరికరం ఈ డ్రైవర్‌ది కాదు" అని అర్థం చేసుకుని కెర్నల్ మామూలు లాగ్‌లో ఏమీ రాయదు. డీబగ్ పెట్టుకుంటేనే కనిపిస్తుంది. వేరే నెంబరు ఏదిచ్చినా "ప్రోబ్ ఫెయిల్" అని నెంబరుతో సహా రాస్తుంది. కాబట్టి చిప్ దొరికి, తప్పుడు డేటా ఇస్తుంటే 19 పెట్టేశామంటే కెర్నల్ నోరు మనమే నొక్కినట్టు. అక్కడ 5 ఇవ్వాలి.

అదే చోట నాకు బాగా నచ్చిన కోడ్ ఒకటుంది. 517, ఈప్రోబ్ డిఫర్. 2012లో కెర్నల్ 3.4 తో వచ్చింది. మన డ్రైవర్‌కి కావాల్సిన కరెంటు సరఫరానో, క్లాకో ఇచ్చే ఇంకో డ్రైవర్ ఇంకా లేవలేదు. అప్పుడు మన ప్రోబ్ 517 ఇస్తుంది. కెర్నల్ ఆ పరికరాన్ని ఒక జాబితాలో రాసుకుని, ఇంకో డ్రైవర్ సిద్ధమైనప్పుడు తనే మళ్ళీ పిలుస్తుంది.

మనకి తెలిసిన "తర్వాత రండి" కీ దీనికీ తేడా చూడండి. అక్కడ తిరగాల్సింది మనం, బస్సు చార్జీలు మనవి, పోయిన కూలి మనది. 517 లో పేరు రాసుకున్నవాళ్ళే పిలుస్తారు. ఆ బాధ్యత ఆ నెంబరులోనే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఏ నెంబరైతే ఏంటి అనొచ్చా?

*కింద నుంచి వచ్చిన నిజాన్ని మార్చకండి*

ఇంకో జబ్బు. ఒక ఫంక్షన్‌ని పిలిచాం. అది 16 ఇచ్చింది. మనం "సున్నా కాకపోతే ఈనోమెమ్ రిటర్న్" అని రాసేస్తాం. కింద వాళ్ళు బిజీ అని చెప్తే పైకి మెమరీ లేదని వెళ్తుంది. వచ్చిన నెంబరుని వచ్చినట్టే పంపడం మామూలు పద్ధతి. మార్చాలంటే కారణం ఉండాలి, ఇందాక చెప్పిన 17 లాగా.

మైనస్ గుర్తు మర్చిపోవడం ఇంకా ఘోరం. ఇనిట్ మైనస్ 22 బదులు ప్లస్ 22 ఇస్తే, కెర్నల్ "అనుమానంగా రిటర్న్ చేసింది" అని లాగ్‌లో హెచ్చరిక రాసి, అయినా సరే మాడ్యూల్‌ని లోడ్ చేసేస్తుంది. ఫెయిలైన మాడ్యూల్ కెర్నల్‌లో కూర్చుంటుంది.

*ఎదురు వాదనలు*

ఒకటి: "కెర్నల్ రాసే పెద్దవాళ్ళే కోడ్‌లు సరిగ్గా పెట్టరు." నిజమే, దాచను. మాడ్యూల్ సంతకాల పద్ధతి 2012 డిసెంబరులో కెర్నల్ 3.7 తో వచ్చింది. సంతకం తప్పనిసరి చేసిన యంత్రంలో సంతకం లేని మాడ్యూల్ పెడితే మొదట్లో 126 వచ్చేది, "కావాల్సిన కీ దొరకలేదు" అని. 2019లో 5.4 వచ్చాక అదే పనికి 129 వస్తుంది, "కీ తిరస్కరించబడింది" అని. లాక్‌డౌన్ పద్ధతి నడుస్తుంటే 1 వస్తుంది, "అనుమతి లేదు". వర్చువల్‌బాక్స్ పెట్టుకున్నవాళ్ళు ఈ మూడూ చూసే ఉంటారు. తప్పు ఒకటే, జవాబులు మూడు. దీనివల్ల ఎంతమంది ఎన్ని గంటలు పోగొట్టుకున్నారో ఊహించుకోండి. పెద్దవాళ్ళు తడబడ్డారంటే ఈ పని కష్టమైనదని అర్థం. మనం మానెయ్యడానికి అది సాకు కాదు.

రెండు: "లాగ్ ఉంది కదా, డీమెసేజ్ చూసుకుంటే చాలు." చూసుకోవాలి, నిజమే. కానీ లాగ్ మనిషి కోసం, కోడ్ ప్రోగ్రాం కోసం. మాడ్‌ప్రోబ్ లాగ్ చదివి నిర్ణయం తీసుకోదు, నెంబరు చూసి తీసుకుంటుంది. పైగా లాగ్‌లో వెతకాలని తెలిసినవాళ్ళకే లాగ్ ఉపయోగం. కొత్తగా వచ్చినవాళ్ళకి లాగ్ ఉందనే తెలియదు. వాళ్ళకి ముందు కనపడేది ఆ ఒక్క వాక్యమే.

మూడు: "ఇవన్నీ మనకెందుకు, వెబ్ కోర్సు నేర్చుకుని ఉద్యోగం చూసుకోక." వెబ్‌లో మాత్రం తప్పించుకుంటారా? అక్కడ 403 అంటే అనుమతి లేదు, 404 అంటే అది లేదు, 500 అంటే తప్పు మా సర్వర్‌ది. సర్వర్ కూలిపోతే 403 పెట్టే మనిషీ, పరికరం లేకపోతే మైనస్ 1 పెట్టే మనిషీ ఒకటే. ఆ అలవాటు భాష మారినా మనతోనే వస్తుంది.

*ల్యాబ్ బయట ఇదే సంగతి*

ఇది ప్రోగ్రామర్ల గొడవ అనుకునేవాళ్ళకి మన రేషన్ సంగతి చెప్తా. ఆధార్ వేలిముద్రతో రేషన్ ఇవ్వడం 2012లో ప్రయోగంగా పెట్టిన చోటు తూర్పు గోదావరి జిల్లా. ఆ ఆధార్ పరీక్షకి కూడా ఎర్రర్ కోడ్‌లు ఉన్నాయి. 300 అంటే వేలిముద్ర సరిపోలలేదు. 330 అంటే బయోమెట్రిక్ లాక్ చేసి ఉంది. 998 అంటే ఆధార్ నెంబరు చెల్లదు. 562 అంటే పంపిన యంత్రంలో టైము ముందుకి ఉంది. 565 అంటే అడిగిన సంస్థ లైసెన్సు గడువు అయిపోయింది.

వీటిలో వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టాల్సింది 300 కి మాత్రమే. 562, 565 లలో ఆ ముసలమ్మ తప్పు ఏమీ లేదు. అవి యంత్రం తరఫు వాళ్ళు సరిచెయ్యాల్సినవి. కానీ అన్నిటికీ "వేలు పడట్లేదమ్మా" అని ఒకే మాట చెప్తే ఏమవుతుంది? ఆవిడ చీర కొంగుకి వేలు తుడుచుకుంటుంది. కూలి చేసి చేసి గీతలు అరిగిపోయాయేమో అనుకుంటుంది. సంచి ఖాళీగా పట్టుకుని ఇంటికి పోతుంది. కోడ్ ఉంది, సరిగ్గానే ఉంది. మధ్యలో దాన్ని ఒకే మాటగా మార్చేస్తే భారం ఆవిడ మీద పడింది. మైనస్ 1 చేసేది కూడా ఇదే.

పోడు భూముల సంగతి మనకి ఇంకా దగ్గర. 2006 అటవీ హక్కుల చట్టం నియమాలను 2012లో సవరించారు. గ్రామసభ తీర్మానం అసంపూర్తిగా ఉంటే తిరస్కరించకుండా గ్రామసభకే తిరిగి పంపాలన్నారు. సబ్ డివిజన్ స్థాయిలో ఒప్పుకున్నదాన్ని జిల్లా స్థాయి కమిటీ ఒప్పుకోకపోతే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలన్నారు. తిరస్కరించిన సంగతి దరఖాస్తుదారుకి స్వయంగా తెలియజెయ్యాలి, అప్పీలుకి 60 రోజులు ఇవ్వాలి. అంటే "అసంపూర్తి", "తిరస్కరణ" రెండూ వేరు, వాటి తర్వాత పని కూడా వేరు అని చట్టమే అంటోంది. 2019 ఫిబ్రవరి 13న, తిరస్కరించిన దరఖాస్తుదారుల్ని ఖాళీ చేయించే ఆదేశం సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. అదే నెల 28న దాన్ని ఆపి, తిరస్కరణలు ఏ పద్ధతిలో జరిగాయో చెప్పమని రాష్ట్రాలను కోర్టు అడిగింది. "తిరస్కరణ" అనే ఒక్క మాట కింద ఏ కారణం ఉందో తేలకపోతే మనిషి తన నేలనే పోగొట్టుకునే పరిస్థితి అది.

రేపు ఇలాంటి దరఖాస్తుల పోర్టల్ రాసేది మనలో ఒకరు కావచ్చు. కావాలి కూడా. అప్పుడు కారణం అడిగే పెట్టెలో "ఇతరములు" అని ఒకటే పెడతామా?

*ఇక మనం చెయ్యాల్సింది*

1. ఈ రాత్రే మీ కోడ్ తెరిచి "రిటర్న్ మైనస్ 1" అని వెతకండి. దొరికిన ప్రతి చోటా అసలు కారణానికి సరిపోయే పేరు పెట్టండి. నెంబరు కాదు, పేరే రాయండి, చదివేవాళ్ళకి అర్థమవుతుంది.

2. పేర్ల జాబితా కెర్నల్ హెడర్లలో ఎర్నో బేస్ అనే ఫైలులో ఉంది. 1 నుంచి 34 వరకు, ఒక్కోదానికి ఒక్క లైను. ఒక పేజీకి మించదు. ప్రింట్ తీసి గోడకి అంటించుకోండి. తర్వాత ఇనిట్ మాడ్యూల్ మాన్యువల్ పేజీ చదవండి, లోడర్ ఏ నెంబరు ఎప్పుడు ఇస్తుందో అందులో ఉంది.

3. ఇనిట్ నుంచి 17 బయటికి పోనివ్వకండి. నిజంగా పరికరం లేనప్పుడే 19 ఇవ్వండి. మనిషి ఇచ్చిన విలువ తప్పైతేనే 22 ఇవ్వండి.

4. ప్రతి ఫెయిల్యూర్ దగ్గరా లాగ్‌లో ఒక లైను రాయండి: ఏ పని, ఏ పేరు, ఏ నెంబరు. "ఎర్రర్" అని ఒక్క మాట రాస్తే రాయనట్టే.

5. గ్రూపులో సాయం అడిగేటప్పుడు "పనిచెయ్యట్లేదు" అని పెట్టకండి. పడ్డ వాక్యం ఉన్నదున్నట్టు పెట్టండి, దాంతో పాటు లాగ్ చివరి పది లైన్లు పెట్టండి. ఎస్‌ట్రేస్‌తో ఇన్స్‌మాడ్ నడిపితే కెర్నల్ ఇచ్చిన అసలు పేరు కూడా కనిపిస్తుంది. జవాబిచ్చే అన్నలూ అక్కలూ కూడా "ఏదో ఒకటి పెట్టెయ్" అని దాటెయ్యకండి. మీ మాట నమ్మి ఆ తమ్ముడు రేపు వందమంది వాడే కోడ్ రాస్తాడు.

ఆ సలహా ఇచ్చిన అన్నకి ఒక్క మాట. అన్నా, ఇంటర్వ్యూలో ఇది అడగరన్నావు, అడగకపోవచ్చు. కానీ నువ్వు రాసిన మాడ్యూల్‌ని ఏదో ఒక హాస్టల్లో, అడగడానికి ఎవరూ లేని పిల్ల ఒకతి లోడ్ చేస్తుంది. ఆ పిల్ల నిన్ను అడిగేది స్క్రీన్ మీదే. అప్పుడు నీ జవాబు "నీకు అనుమతి లేదు" అని ఉండకూడదు. "పరికరం గుచ్చలేదమ్మా, చూసుకో" అని ఉండాలి.

ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి, కారణంతో సహా. కారణం లేని "నో" లు మనకి ఇప్పటికే చాలా ఉన్నాయి.

జై ఆదివాసీ.